గోధుమ బీరును బతికించిన పాలవాడు



అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన పిల్లలు కొందరు ఈ మధ్య ఇంట్లోనే బీరు కాచి, సీసాల్లో పోసి, ఆ ఫొటోలు మన గ్రూపులో పెడుతున్నారు. "కమలాపండు వాసన వచ్చే గోధుమ బీరు, అంగట్లో అమ్మే బ్లూ మూన్ మాదిరి చేశాం పెదనాన్నా" అని కింద రాస్తున్నారు. అది చూసి పెద్దవాళ్ళలో కొందరు "ఇంట్లో సారా కాస్తారా, కలికాలం!" అంటున్నారు. తాగమని గానీ తాగవద్దని గానీ చెప్పటానికి మేము ఇది రాయటం లేదు. ఆ సీసా వెనక ఒక ఊరి చరిత్ర ఉంది, అది చెప్పాలని రాస్తున్నాం. రైల్వేలో ఏళ్ళ తరబడి లెక్కల పుస్తకాలు రాసినవాళ్ళం గనుక తేదీ లేని కథ మాకు రుచించదు. తేదీలతోనే చెబుతాం.

మొదట గోధుమ సంగతి. ఐరోపాలో బీరు అంటే ఎక్కువగా బార్లీతో చేసేదే. గోధుమ రొట్టెకు కావాలి. 1516లో జర్మనీలోని బవేరియాలో ఇంగోల్‌స్టాట్ అనే ఊళ్ళో ఒక ఉత్తరువు వేశారు. బీరులో బార్లీ, హాప్స్ అనే చేదు పూలు, నీళ్ళు తప్ప ఇంకేమీ వేయకూడదని అందులో ఉంది. గోధుమను రొట్టెలవాళ్ళకు మిగల్చాలన్నది కూడా దానికి ఒక కారణమని చెబుతారు. కానీ పెద్దవాళ్ళకు ఎప్పుడూ వేరే దారి ఉంటుంది కదా! డెగెన్‌బర్గ్ అనే జమీందారు వంశానికి గోధుమ బీరు చేసే హక్కు ఉండేది. 1602లో ఆ వంశంలో వారసుడు లేకపోయేసరికి ఆ హక్కు బవేరియా డ్యూక్ మాక్సిమిలియన్ చేతికి వచ్చింది. ఆ తరువాత చాలాకాలం ఆ వ్యాపారం రాజ ఖజానాకు మంచి రాబడి. 1872లో గెయోర్గ్ ష్నైడర్ అనే మామూలు మనిషి రాజకుటుంబం దగ్గర ఆ హక్కు సంపాదించి గోధుమ బీరు చేశాడు.

పక్కనున్న బెల్జియంలో ఈ ఉత్తరువు నడవలేదు. అక్కడ బ్రస్సెల్స్‌కు తూర్పున హూగార్డెన్ అని ఒక చిన్న ఊరు. మధ్య యుగాల నుంచి ఆ ఊరు తెల్ల బీరుకు పేరు. మొలకెత్తించని పచ్చి గోధుమ సగం, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ సగం వేసి కాస్తారు. అందుకే అది తేటగా ఉండదు, కడుగునీళ్ళ మాదిరి మసకగా ఉంటుంది. అందులో వేసే దినుసులు వింటే మన ఆడవాళ్ళు నవ్వుతారు. ఒకటి ధనియాలు, మనం ఇక్కడ కొత్తమల్లి గింజలు అంటాం. రెండోది ఎండబెట్టిన నారింజ తొక్క. ఆ నారింజ వెనెజువెలాకు ఎదురుగా ఉన్న కురాసావ్ దీవిది. స్పెయిన్‌వాళ్ళు అక్కడ తీపి నారింజ నాటితే, ఆ ఎండకూ ఆ నేలకూ కాయ చేదెక్కి తినటానికి పనికిరాకుండా పోయింది. తొక్కలో మాత్రం మంచి వాసన మిగిలింది. డచ్చివాళ్ళ ఓడల్లో ఆ తొక్క ఐరోపాకు చేరింది. పనికిరాని కాయ అలా ఒక ఊరి పానీయానికి వాసన ఇచ్చింది.

పందొమ్మిదో శతాబ్దంలో హూగార్డెన్‌లో పదమూడు బీరు బట్టీలు ఉండేవి. తరువాత తేటగా, పచ్చగా మెరిసే లాగర్ బీరు వచ్చింది. యుద్ధాలు వచ్చాయి. పెద్ద ఫ్యాక్టరీలు వచ్చాయి. బట్టీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1957 నాటికి చివరిదైన టొమ్సిన్ వాళ్ళ బట్టీ కూడా ఆరిపోయింది. వందల ఏళ్ళ రుచి, ఎవరూ ఒక్క మాట అనకుండానే, ముగిసిపోయింది.

ఆ టొమ్సిన్ బట్టీ పక్క ఇంట్లో పెరిగిన పిల్లవాడు పియర్ సెలిస్. 1925లో పుట్టాడు. చిన్నప్పుడు పక్కింటికి వెళ్ళి బట్టీ పనిలో చేయి వేసేవాడు. పెద్దయ్యాక ఇంటింటికీ పాలు పోసేవాడు. బట్టీ మూతపడి పదేళ్ళు కావస్తుండగా, ఆ పాత బీరును మళ్ళీ చేయాలని పూనుకున్నాడు. తన ఇంటి గడ్డి అటకలోనే మొదలుపెట్టాడు. ఏ దినుసు ఎప్పుడు వేయాలో, కాగుతున్నప్పుడు ఏ వాసన రావాలో పక్కింట్లో చూసిన పనిలోనే నేర్చాడు. పెద్ద కంపెనీ వాళ్ళు కాదు, ప్రభుత్వం కాదు, పాలు పోసే మనిషి ఇంట్లో కాచి బతికించాడు. ఇక్కడ మనం ఒక లెక్క వేసుకోవాలి. పదేళ్ళకు బదులు నలభై ఏళ్ళు గడిచి ఉంటే, అది సరిగా వచ్చిందో లేదో నాలుకతో చెప్పగల ముసలివాళ్ళు ఊళ్ళో ఎంతమంది మిగిలేవారు?

బీరు బాగా అమ్ముడైంది. ఒక పాత నిమ్మరసం ఫ్యాక్టరీ కొని పెద్దది చేశాడు. 1985లో అది తగలబడింది. మళ్ళీ కట్టటానికి ఇంటర్‌బ్రూ అనే పెద్ద కంపెనీ డబ్బు ఇచ్చింది. ఆ అప్పు చూపించి, ఎక్కువమందికి నచ్చేటట్టు తయారీ మార్చమని ఒత్తిడి చేస్తున్నారని సెలిస్‌కు అనిపించింది. అమ్మేశాడు. అరవై దాటిన వయసులో అమెరికా వెళ్ళి, 1992లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో తన పేరుతోనే మళ్ళీ బట్టీ పెట్టాడు. అదీ తరువాత మిల్లర్ కంపెనీ చేతికి పోయి మూతపడింది. సెలిస్ 2011లో కన్నుమూశాడు. 2017లో ఆయన కూతురు అదే ఆస్టిన్‌లో ఆ పేరు మళ్ళీ నిలబెట్టింది. బెల్జియంలోనూ ఒక ముచ్చట జరిగింది. 2005లో హూగార్డెన్ బీరు తయారీని వేరే ఊరికి మారుస్తామని కంపెనీ ప్రకటించింది. ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. 2007లో కంపెనీ ఆ మాట వెనక్కి తీసుకుంది.

మన పిల్లలు చెప్పే బ్లూ మూన్ ఈ చెట్టు కొమ్మే. బెల్జియం వెళ్ళి బీరు శాస్త్రం చదివి వచ్చిన కీత్ విల్లా అనే ఆయన 1995లో డెన్వర్‌లో, బేస్‌బాల్ మైదానం లోపలున్న చిన్న బట్టీలో దాన్ని మొదలుపెట్టాడు. చేదు నారింజకు బదులు తీపి వెలెన్సియా నారింజ తొక్క వేశాడు, కొంచెం ఓట్స్ కలిపాడు.

ఇక ఇంట్లో కాచటం. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్య నిషేధం. అది పోయాక ఇంట్లో ద్రాక్ష సారాయానికి అనుమతి వచ్చింది గానీ బీరుకు రాలేదు. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టాకే వచ్చింది. పెద్దవాళ్ళు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి రెండువందల గాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు. అమ్మకూడదు. ఇంగ్లండులో లైసెన్సు అక్కరలేదని 1963లోనే తేల్చారు.

పిల్లలు చేసే పద్ధతి ఇది. ఇరవై లీటర్లకు రెండు కిలోల పైచిలుకు బార్లీ మాల్ట్, రెండు కిలోల గోధుమ అటుకులు, గుప్పెడు ఓట్స్. 67 డిగ్రీల వేడి నీళ్ళలో గంట నానితే పిండి చక్కెరగా మారుతుంది. ఆ రసం వడగట్టి, కొంచెం హాప్స్ వేసి గంట కాస్తారు. దించే ఐదు నిమిషాల ముందు దంచిన ధనియాలు పదిహేను గ్రాములు, నారింజ తొక్క. 20 డిగ్రీలకు చల్లార్చి ఈస్ట్ కలిపితే రెండు వారాల్లో పులుస్తుంది. పండు రసం చుక్క కూడా పోయరు, ఆ పండు వాసనంతా తొక్కదీ ధనియాలదీ ఈస్ట్‌దీ. అక్కడ కాచేవాళ్ళు చాలామంది ధనియాల కోసం ఇండియన్ అంగడికే పోతారు. మన కోల గింజలో నిమ్మవాసన బాగుంటుందంటారు.

ఇక్కడున్నవాళ్ళకు ఒక మాట. ఇది చదివి ఎవరూ పొయ్యి వెలిగించకండి. 1937లో రాజాజీ మన సేలం జిల్లాతోనే మద్య నిషేధం మొదలుపెట్టారు. ఆ ఏటి చట్టమే మార్పులతో నేటికీ తమిళనాట నడుస్తోంది. ప్రభుత్వ అంగట్లో కొనవచ్చు గానీ లైసెన్సు లేకుండా ఇంట్లో కాస్తే నేరం.

కానీ ఆ పిల్లలను వెక్కిరించకండి. వాళ్ళ కుండలో ఉన్నది ఒక పాలవాడు చేతులతో గుర్తుపెట్టుకున్న పని. కాగితం మీద రాసిపెట్టినదంతా బతకదు. పక్కన నిలబడి చేయి వేసిన పిల్లవాడు ఒకడుంటే బతుకుతుంది. మన ఇళ్ళల్లో పండగ వంటలు వండే పెద్దమ్మలు, అత్తలు ఇంకా ఉన్నారు. ఈ సంక్రాంతికి పొయ్యి దగ్గర నుంచి పిల్లలను తరమకండి. ఒక గరిటె వాళ్ళ చేతికి ఇవ్వండి.