మూసీ దక్షిణపు ఒడ్డున ఫుట్‌బాల్: రోవర్స్ కప్పు తొలి విజయానికి 75 ఏళ్లు

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో బొంబాయిలో రోవర్స్ కప్పును తొలిసారి గెలుచుకొని 2025 నాటికి 75 ఏళ్లు నిండాయి. బ్రిటిష్ సైనిక పటాలాల మధ్య పోటీగా 1891లో మొదలై, క్రమంగా దేశీయ క్లబ్బులకు తలుపులు తెరిచిన ఈ కప్పు, సిమ్లాలో 1888లో పుట్టిన డ్యూరండ్ కప్పుతో పాటు, భారత ఫుట్‌బాల్‌లో ఒక జట్టు స్థాయిని నిర్ణయించే కొలబద్దగా చాలాకాలం చెలామణి అయింది. అటువంటి కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు నిలబెట్టుకున్న జట్టు చరిత్రను చెప్పబూనినప్పుడు, విజయాల పట్టిక కన్నా ముందు, ఆ ఆటగాళ్లు ఏ మైదానాల నుంచి వచ్చారు, వారి తిండిగింజలు ఎక్కడి నుంచి వచ్చాయి అన్న రెండు ప్రశ్నలకు జవాబు వెతకవలసి ఉంటుంది.

మొదటి ప్రశ్నకు జవాబు మూసీ ఒడ్డున ఉంది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా 1578లో కట్టించిన పురానాపూల్, హైదరాబాద్ నగరం కన్నా పదమూడేళ్లు పెద్దది. ఆ వంతెన నుంచి దక్షిణపు ఒడ్డు వెంట నయాపూల్ వైపు నడిస్తే సిటీ కాలేజీ, హైకోర్టు, నేటి కులీ కుతుబ్ షా స్టేడియం ఎదురవుతాయి. ఉన్నత పాఠశాలగా మొదలై 1929లో కళాశాలగా ఎదిగిన సిటీ కాలేజీలో చదివిన, చదువుతున్న విద్యార్థులు కలిసి ఏర్పరచుకున్న ఎలెవెన్ హంటర్స్ అనే జట్టు, ఈ ప్రాంతపు ఫుట్‌బాల్‌కు తొలి బడులలో ఒకటి. ఆ జట్టులో ఆడిన యువకులలో 1909 ఆగస్టు 17న జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం ఒకరు.

రహీం సాహెబ్ వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన చోట్లు. వ్యాయామ విద్యలో డిప్లొమా సంపాదించిన తర్వాత చివరి రెండు పాఠశాలల ఆటల బాధ్యత కూడా ఆయనకే దక్కింది. 1940ల తొలినాళ్లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి పదవి చేపట్టి, మరణించేవరకు ఆ సంస్థకు ఆధారస్తంభంగా నిలిచిన ఆయన, పెద్దల జట్టుకు ఏమి కావాలో పిల్లల ఆటలోనే నాటాలని నమ్మారు. డ్రిబ్లింగ్, అంటే బంతిని తన కాళ్ల దగ్గరే ఉంచుకొని ప్రత్యర్థులను తప్పించుకుంటూ పోవడం, చూపరులకు ఎంత ఇంపుగా ఉన్నా జట్టుకు చేటు తెస్తుందన్న గ్రహింపుతో, డ్రిబ్లింగ్ నిషిద్ధమైన టోర్నమెంట్లను ఆయన ప్రత్యేకంగా జరిపించారు. కుడికాలి వాటం ఉన్న కుర్రవాడు ఎడమకాలితోనూ, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితోనూ మాత్రమే బంతిని తన్నవలసిన పోటీలు కూడా పెట్టించారు. హైదరాబాద్ ఆటకు పేరు తెచ్చిన చిన్న చిన్న పాసుల పద్ధతి, అంటే బంతిని నేల మీదనే ఉంచి దగ్గరి సహచరుడికి అందిస్తూ ముందుకు సాగడం, ఈ పోటీలలోనే రూపుదిద్దుకుంది. నలుగురు రక్షకులు, ఇద్దరు మధ్యస్థులు, నలుగురు దాడిచేసేవారితో కూడిన 4-2-4 అమరిక 1958 ప్రపంచకప్పులో బ్రెజిల్ ఆటతో లోకానికి తెలియగా, అంతకుముందే ఆయన తన ఆటగాళ్లతో దానిని సాధన చేయించారు. ఏ కారణం చెప్పినా ఇంతటి బోధకుడిని పద్మ పురస్కారాల జాబితా దాటిపోవడం సమర్థనీయం కాదు, కానీ ఇటువంటి ఉత్సవ సంచికలో ఆ సంగతిని ఇంతకన్నా సాగదీయడం మర్యాద కాదు.

రెండో ప్రశ్నకు జవాబు పోలీసు శాఖ. ఆ కాలపు ఆటగాడికి క్లబ్బు జీతం, ప్రకటనల ఆదాయం వంటివి లేవు. ఉన్నదల్లా శాఖలో ఒక ఉద్యోగం, దానితో వచ్చే నెలజీతం, సాధనకు దొరికే వెసులుబాటు. పోలీసు ఉన్నతాధికారి శివకుమార్ లాల్ ఆట మీద మక్కువతో ఈ ఏర్పాటుకు అండగా నిలవడం వల్ల, మైదానంలో రాణించిన పేదింటి కుర్రవాడికి ఆట ఒక బతుకుదెరువుగా మారింది. సిటీ పోలీస్ జట్టు 1943లోనే బెంగళూరులో ఆష్ గోల్డ్ కప్పు పోటీలో రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించింది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం జరిపిన ‘పోలీసు చర్య’తో నిజాం పాలన పోయి పాలనే మారిపోయిన తర్వాత రెండేళ్లకే అదే జట్టు రోవర్స్ కప్పుతో పాటు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరండ్ కప్పును కూడా గెలిచిందంటే, ప్రభుత్వం మారినా మైదానం చెదరలేదన్నమాట. 1956, 1957 సంవత్సరాలలో రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం సాహెబ్ శిక్షణలో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది.

ఈ ప్రాభవానికి పరీక్ష 1962లో మొదలైంది. జకార్తా ఏషియన్ క్రీడల నాటికి రహీం సాహెబ్‌ను క్యాన్సర్ పట్టి పీడిస్తూ ఉంది. తైవాన్, ఇజ్రాయెల్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారతీయ క్రీడాధికారి ఒకరు తప్పుపట్టినందుకు స్థానిక ప్రేక్షకులు భారత ఆటగాళ్లపై ఆగ్రహంతో ఉండగా, గ్రూపు దశలో తమను ఓడించిన దక్షిణ కొరియానే సెప్టెంబరు 4న ఫైనల్లో ఎదుర్కొన్న జట్టు, పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చేసిన గోల్స్‌తో 2-1 తేడాతో బంగారు పతకం గెలిచింది. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న, రహీం సాహెబ్ కన్నుమూశారు. కార్యదర్శి, శిక్షకుడు, పిల్లల పోటీల నిర్వాహకుడు, ఉద్యోగాల కోసం అధికారుల గడప తొక్కే సిఫారసుదారు అన్నీ ఒక్కరే అయిన చోట, ఆ ఒక్కరు పోయినప్పుడు నాలుగు పదవులు ఒకేసారి ఖాళీ అయ్యాయి. వాటిని నింపే ఏర్పాటు సంస్థలో ఏదీ లేకపోవడం ఆ తరం పెద్దలందరి లోపం. రహీం సాహెబ్‌ను కూడా దాని నుంచి పూర్తిగా మినహాయించలేము.

అదే కాలంలో కలకత్తా పిలుపు బలపడింది. టికెట్ల రాబడి, సభ్యుల చందాలు, అభిమానుల ఆదరణ గల ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బులు హైదరాబాదీ కుర్రవాళ్లకు ఎరవేయడం కొత్త సంగతి కాదు. తులసీదాస్ బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1966లో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ కూడా అదే దారి పట్టారు. 1970 బ్యాంకాక్ ఏషియన్ క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నయీముద్దీన్ నాయకత్వం వహించగా, హబీబ్ కలకత్తా అభిమానుల నోట ‘బడే మియా’ అయ్యారు. వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. పెంచిన ఊరు పోలీసు కొలువును మించి ఏమీ ఇవ్వలేని స్థితిలో ఉంది, పిలిచిన ఊరు ఆటకే వెల కట్టింది.

ఇటువంటి సంచికలో పేర్లు స్మరించుకోవడం విధి కనుక, స్థలం ఒప్పిన మేరకు కొన్ని: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, లతీఫ్, సలాం, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్, డి. కన్నన్, డి.ఎం.కె. అఫ్జల్, రహీం సాహెబ్ కుమారుడు ఎస్.ఎస్. హకీం, హబీబ్ తమ్ముడు అక్బర్. సున్నం గీతలు గీసినవారు, బంతులకు గాలి కొట్టినవారు, చిరిగిన బూట్లకు కుట్లు వేసినవారు ఏ జాబితాలోనూ లేరు. చందాదారుల జాబితాలు మాత్రం ప్రతి ఉత్సవంలోనూ పొడవుగానే అచ్చవుతాయి.

ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచిన 1965ను దాటితే, తర్వాతి ఐదు దశాబ్దాలలో చెప్పుకోవలసినది తక్కువ: మైదానాలు కుదించుకుపోయాయి, క్రికెట్ పెరిగింది, సంఘాలలో పేచీలు పెరిగాయి.

2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ అడుగుపెట్టింది. ఇది ఫ్రాంచైజీ, అంటే ఒక నగరం పేరుతో లీగులో ఆడే హక్కును పెట్టుబడిదారులు కొనుక్కొని నడిపే జట్టు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఆ జట్టు లీగు విజేత అయింది; కరోనా నిబంధనల వల్ల ఆ సీజను మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి కనుక, సొంత నగరం తన జట్టు గెలుపును టీవీలోనే చూసింది. ఆ తర్వాత జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం, యాజమాన్య మార్పు ఒకదాని వెంట ఒకటి వచ్చి, 2025లో ఆ ఫ్రాంచైజీ స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ పేరుతో రాజధానికి తరలిపోయింది. పోలీసు జట్టుకు పిల్లలు ఉండి సొమ్ము లేకపోయింది. ఫ్రాంచైజీకి సొమ్ము తెచ్చేవారు ఉన్నా పాతబస్తీ మైదానాలతో పొత్తు కుదరలేదు.

ఇప్పుడు రగ్బీ వంతు. బంతిని చేతుల్లోకి తీసుకొని పరుగెత్తే ఈ ఆటకు జట్టుకు ఏడుగురు చొప్పున ఆడే పొట్టి రూపంలో, 2025 జూన్‌లో ముంబైలోని అంధేరీలో రగ్బీ ప్రీమియర్ లీగ్ తొలి సీజను జరిగింది. పాల్గొన్న ఆరు ఫ్రాంచైజీలలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. అయితే ఆ సీజను మ్యాచ్‌లన్నీ అంధేరీలోనే జరిగాయి. ఆసక్తి గలవారికి ఒక పాత ఉదంతం పనికొస్తుంది: 1873లో ఏర్పడిన కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు రగ్బీ ఆడేది, సభ్యులు తగ్గిపోయి 1878లో మూతపడినప్పుడు, బ్యాంకులో మిగిలిన 270 వెండి రూపాయలను కరిగించి ఒక కప్పు చేయించి ఇంగ్లండుకు పంపింది. ఇంగ్లండు, స్కాట్లండు జట్లు నేటికీ ఆ కలకత్తా కప్పు కోసమే పోటీపడతాయి. ఆడేవారు లేక ఆట మూతపడి కప్పు ఒక్కటే మిగిలే గతి ఇక్కడ రాకూడదంటే, హైదరాబాద్‌లో రగ్బీని పెంచదలచినవారు ప్రసార హక్కుల, ప్రకటనల రాబడిలో ఒక వాటాను నగరంలోని బడులకు కేటాయించాలన్న షరతును ఫ్రాంచైజీ ఒప్పందంలోనే రాయించుకోవడం మంచిది; సిటీ కాలేజీ చుట్టుపక్కల పిల్లలకు సాయంత్రం రెండు గంటలు మైదానం, ఒక శిక్షకుడు, బంతులు సమకూర్చడానికి అయ్యే ఖర్చు ఒక విదేశీ ఆటగాడి పారితోషికంతో పోలిస్తే లెక్కలోకి రానిది.