విమాన టికెట్టుకు రెండు తాళాలు

విమాన సంస్థల వెబ్‌సైట్లలో లాగిన్ కాలేక ప్రయాణికులు పడే అవస్థకు మూలం ఇంటర్నెట్ కంటే పాతది. శిక్షణ పొందిన గుమస్తా తప్ప మరొకరు ముట్టుకోని యంత్రాల కోసం ఏర్పడిన పద్ధతులు, ఆ గుమస్తా పక్కకు తప్పుకున్నాక, ఉన్నవి ఉన్నట్టుగా ప్రయాణికుడి చేతికి వచ్చాయి.

కంప్యూటర్లు రాకముందు అమెరికన్ ఎయిర్‌లైన్స్ రిజర్వేషన్ కార్యాలయంలో ఒక్కో విమానానికి ఒక కార్డు ఉండేది. కార్డులు అమర్చిన గుండ్రటి తిరుగుడు పెట్టె చుట్టూ ఎనిమిది మంది కూర్చుని, సీటు అమ్ముడైనప్పుడల్లా కార్డు అంచున గుర్తు పెట్టేవారు. విమానం వెతకడం మొదలు టికెట్టు రాసివ్వడం వరకు సగటున 90 నిమిషాలు పట్టేది. ఈ జాప్యాన్ని తప్పించడానికి ఐబీఎంతో కలిసి ఆ సంస్థ నిర్మించుకున్న సేబర్ వ్యవస్థ 1964 నాటికి పూర్తిగా పనిలోకి వచ్చింది. ఇలాంటి వ్యవస్థల్లో ప్రయాణికుడి పేరు, విమానం, తేదీ కలిసిన నమోదును పీఎన్ఆర్ అంటారు. దాన్ని పట్టిచ్చే ఆరు అక్షరాల, అంకెల సంకేతానికీ వాడుకలో అదే పేరు స్థిరపడింది. ఫైలు నంబరు వంటి ఆ సంకేతాన్ని దాచుకోవాలని ఎవరూ అనుకోలేదు, అది సామాను చీటీ మీద కూడా అచ్చవుతుంది. వెబ్‌సైట్లు వచ్చాక దానికి ఇంటిపేరు జతచేసి, ఆ రెండింటినీ కలిపి తాళంచెవిగా వాడసాగారు.

తెలుగు ప్రయాణికులకు అసలు చిక్కు ఇక్కడే. గుమస్తాలు పేరును రాసే పద్ధతిలో మొదట ఇంటిపేరు, తరవాత ఏటవాలు గీత, ఆపైన పెట్టిన పేరు, చివర మిస్టర్ వంటి గౌరవ పదం వస్తాయి. బోర్డింగ్ పాస్ మీద నేటికీ ‘ఎంఆర్’ అనే అక్షరాలు పేరుకు అతుక్కుని కనిపించడం దాని ఆనవాలే. ఇంటిపేరు ముందుండే తెలుగువారికి ఈ వరుస సహజంగానే ఉండాలి గాని, వెబ్‌సైటు అడిగేది ‘లాస్ట్ నేమ్’, అంటే చివరి పేరు; తెలుగు పేరులో చివర ఉండేది పెట్టిన పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు వరుసను ఖాళీగా వదిలి, పేరంతా రెండో వరుసలోనే రాయించుకున్నవారి పరిస్థితి మరీ కష్టం. టికెట్టు తీసిన ఏజెంటు ఒకే పేరును రెండు గడుల్లోనూ నింపి ఉండవచ్చు, లేదా ‘పేరు తెలియదు’ అని సూచించే ‘ఎఫ్ఎన్‌యూ’ రాసి ఉండవచ్చు. పిల్లల దగ్గరికి అమెరికా బయలుదేరిన తల్లిదండ్రులు తమ పేరును తప్పు లేకుండా కొట్టినా, వివరాలు సరిపోలలేదన్న జవాబే చూస్తారు. ఆ లోపాన్ని వారి అమాయకత్వానికి అంటగట్టడం అన్యాయం.

రెండో తాళమైన పాస్‌వర్డుది వేరే వంశం. 1960ల తొలి ఏళ్లలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో కోర్బాటో బృందం, ఒకే కంప్యూటరును పంచుకునే పలువురి ఫైళ్లు వేర్వేరుగా ఉండేందుకు దాన్ని వాడింది. 1962లోనే అక్కడి అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, కంప్యూటరు మీద తనకు మరింత సమయం కావాలని, పాస్‌వర్డుల జాబితా మొత్తాన్ని అచ్చు వేయించుకున్నాడు. తరచూ ప్రయాణించేవారి కోసం 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రారంభించిన మైళ్ల ఖాతా వంటివి వెబ్‌సైట్లకు ఎక్కినప్పుడు ఈ తాళం వాటికి చేరింది. అది తెరిచేది ఖాతానే గాని టికెట్టును కాదు; అందువల్ల పాస్‌వర్డు సరిగ్గా కొట్టి లోపలికి వెళ్లినా, ఖాతా నంబరు జతపడని టికెట్టు అక్కడ కనిపించకపోవచ్చు.

మళ్లీ మొదటి తాళమైన పేరు సంగతికి వస్తే, అంతర్జాతీయ విమాన రవాణా సంఘమైన ఐఏటీఏ 2008 మే 31తో కాగితపు టికెట్ల జారీని ముగించింది. అప్పటిదాకా, వెనకవైపు ఎర్ర కార్బన్ పూసిన ఆ టికెట్టు మీద, గుమస్తా రాసిన పేరు ఏటవాలు గీతతో సహా ప్రయాణికుడి కళ్లెదుటే ఉండేది.