స్టైరీన్ ఆవిరి – ప్రథమ చికిత్స

స్టైరీన్ ప్లాస్టిక్ తయారీలో వాడే ద్రవం. దాని ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు; నేలబారుగా పాకి పల్లాల్లో నిలుస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురాన్ని అది కమ్మినప్పుడు, నిద్రలేచి పరుగెత్తినవారు దారిలోనే కుప్పకూలారు.

పీల్చినవారిని ముందు స్వచ్ఛమైన గాలిలోకి, మెరక ప్రదేశానికి చేర్చాలి. ముఖానికి కట్టుకున్న తడిగుడ్డ ఈ ఆవిరిని ఆపుతుందని నమ్మి లోపలికి వెళ్లకూడదు. రసాయనం అంటిన బట్టలు విప్పి ఒళ్లు సబ్బునీటితో, కళ్లు 15 నిమిషాలు మంచినీటితో కడగాలి. స్పృహ లేనివారి నోట నీళ్లు పోయకూడదు; ఆత్రంలో మనకు మొదట తోచేది అదే, కానీ ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికొస్తుంది. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. కాస్త తేరుకున్నట్టు కనిపించినా వైద్యుడికి చూపించి తీరాలి.