ఇండియన్‌టౌన్‌లో శాన్ మిగెల్ జాతర

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో ఇండియన్‌టౌన్ అని ఓ చిన్న ఊరుంది. పేరు చూసి మనవాళ్ల ఊరనుకునేరు, కాదు. 1980ల మొదట్లో గ్వాటెమాల కొండల్లోని శాన్ మిగెల్ అకటాన్ ప్రాంతం నుంచి మాయా రైతులు ఇక్కడికి చేరారు. ఒక్క కూలి కోసమే కాదు, సైన్యం పల్లెలను తగలబెడుతుంటే ప్రాణాలు దక్కించుకోవడానికి. 1960 నుంచి 1996 దాకా సాగిన ఆ అంతర్యుద్ధంలో చనిపోయినవాళ్లు, మాయమైపోయినవాళ్లు 2 లక్షల పైమాటేనని అంచనా.

సొంతూళ్లో వాళ్లది మొక్కజొన్న బతుకు. ఆ చేలోనే చిక్కుడు తీగ, గుమ్మడి పాదు. మన జొన్నచేలో కంది సాళ్లు వేసినట్టే. గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, పొట్టు తీసి, రుబ్బి రొట్టెలు చేస్తారు. ఆడవాళ్లు నడుముకు కట్టుకునే మగ్గం మీద రవికలు నేస్తారు. ఇక్కడికొచ్చాక పొలం పోయింది, నారింజ తోటల్లో కూలి మిగిలింది. రొట్టె మాత్రం పోలేదు. సెప్టెంబరు 29న ఊరి దేవుడు శాన్ మిగెల్ పండుగా పోలేదు. కొయ్యపలకల మరింబా వాయిద్యంతో ఇక్కడా జరుపుకున్నారు.

కాగితాల దగ్గరే అసలు చిక్కు. 1984లో గ్వాటెమాల వాళ్ల ఆశ్రయం దరఖాస్తుల్లో నూటికి మూడు కూడా ఆమోదించలేదు. చర్చిలు కోర్టుకెక్కితే, 1991 రాజీతో చాలామందికి మళ్లీ విచారణ దొరికింది. అక్కడ స్పానిష్ దుబాసీని పెడితే, మాయా భాష తప్ప రాని ముసలామె ఏం చెప్పుకుంటుంది? గల్ఫ్‌లో మన పాలమూరు కూలీకి హిందీ దుబాసీని పెట్టినట్టే.