రసీదులో లేని పేరు

మేం బాపట్ల సాయిబులం. మాలో షేకులున్నారు, సయ్యదులున్నారు, పత్తి ఏకి పరుపులు కుట్టిన దూదేకులవాళ్ళున్నారు. కొందరి ఇళ్ళలో ఉర్దూ, కొందరి ఇళ్ళలో తెలుగే. బడి దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరం ఒక్కటే. తురకోళ్ళ పిల్లలం.

మా గురించి ఒక మాట ఎప్పుడూ తయారుగా ఉంటుంది. పిల్లల్ని మదర్సాకు తోలుతారు గానీ చదివించరని. 2006లో సచార్ కమిటీ లెక్క తీస్తే బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు పోయేది 3 శాతమేనని తేలింది. మరి మిగతావాళ్ళో? సర్కారు బడికి, లేదంటే పనిలోకి, అప్పు పుడితే కాన్వెంటుకి.

ఫీజు మాకు అడ్డంపడటం ఇప్పటిది కాదు. ముస్లిం పిల్లలకు స్కాలర్‌షిప్పులు, కొన్ని ఉచిత సీట్లు ఇవ్వాలని 1882 నాటి హంటర్ కమిషనే సిఫారసు చేసింది. తెల్లదొరలకు తెలిసిన సంగతి మన దొరలకు తెలియదా? తెలుసు. 1970లో అనంతరామన్ కమిషన్ దూదేకులను వెనకబడిన కులాల్లో చేర్చింది. 2007లో వెనకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. ఆ రోజుల్లోనే ఫీజు రీయింబర్స్‌మెంటూ వచ్చింది. మాలో ఇంజనీర్లు పుట్టారు. కాదనం. కానీ ఆ సాయం కాలేజీ గుమ్మం దగ్గర మొదలవుతుంది. అక్కడిదాకా ఎక్కాల్సిన మెట్లు ఎవరు కట్టాలి?

2008లో కేంద్రం మైనారిటీ పిల్లలకు ఒకటో తరగతి నుంచే స్కాలర్‌షిప్పు పెట్టింది. 2022లో ఎనిమిదో తరగతి దాకా తీసేసింది. విద్యాహక్కు చట్టం కింద చదువు ఉచితమే కదా అన్నది దాని వాదన. రాష్ట్రంలో 2020లో అమ్మ ఒడి, 2025లో తల్లికి వందనం వచ్చాయి. ఇప్పుడు తల్లి చేతికి 13,000 వస్తుంది. ఫీజు, బస్సు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ అడిగే కాన్వెంటు ముందు అది ఎన్నాళ్ళు నిలుస్తుంది?

మా ఇళ్ళలో మిగతాది ఎట్లా కడతామో చెప్తాం. తమ్ముణ్ణి కాన్వెంటులో వేశాం. ఆపాని సర్కారు బడిలో వేసి ఏడో తరగతితో మాన్పించాం. మిషను ముందు కూర్చోబెట్టాం. తమ్ముడి టై, బూట్లు, టర్ము ఫీజు ఆ మిషను తొక్కుడులోంచే వచ్చాయి. అంత కట్టినా, క్రికెట్ మ్యాచి మర్నాడు అయ్యవారు వాణ్ణి "ఏరా పాకిస్తానూ" అని పిలిచాడు. ఇంగ్లీషుకు ఫీజుంది. మర్యాదకు ఏ ఫీజూ చాల్లేదు.

అయితే ఆ డబ్బు దండగా? అనలేం. బ్యాంకు కాగితం చదివేది ఇవాళ వాడే. కానీ లెక్క మొత్తం చూడాలి. రసీదు మీద అబ్బా పేరుంది, తమ్ముడి పేరుంది. కట్టిన ఆపా పేరు లేదు.

మా పాత గుంటూరు జిల్లాలోనే, తాడికొండలో 1972లో సర్కారు గురుకులం పెట్టింది. డబ్బున్నవాళ్ళ పిల్లల పక్కన పేదపిల్లలు నిలబడి గెలిచారు. సర్కారు తల్చుకుంటే బడి బాగుంటుందని మాకు తెలుసు. అందుకే ఏ కాన్వెంటు మంచిదని అడగటం మానేస్తున్నాం. వీధి చివర సర్కారు బడి ఎందుకు బాగాలేదని అడుగుతున్నాం. అది బాగుంటే ఆపా కూడా చదివేది.