సేకరణ

పాల సేకరణ కేంద్రానికి క్యాను మోసుకెళ్లే మనిషి, ఈ పూట పాలు పోయకూడదనుకుంటే మానేయొచ్చు. చందాల సేకరణకు వచ్చినవాళ్లకు 'మళ్లీ రండి' అని తలుపు వేసుకోవచ్చు. జానపద గేయాలు సేకరించేవాళ్లు ముసలమ్మ పాడితేనే రాసుకుంటారు. (తేనెటీగల్ని ఎవరూ అడగరు, అది వేరే సంగతి.) ఇవ్వనన్నా ఆగని సేకరణ ఒక్కటే: భూసేకరణ.

పొరుగువాళ్లకు ఇంత మొహమాటం లేదు. కన్నడంలో అది 'భూస్వాధీన'. తమిళంలో 'కైయగప్పడుత్తుదల్', అంటే చేతిలోకి తెచ్చుకోవడం. హిందీ 'అధిగ్రహణ్'లో పట్టుకోవడమనే ధాతువు పైకే కనిపిస్తుంది. మరాఠీవాళ్లు మాత్రం మనల్ని మించారు: 'భూసంపాదన్'! మన రైతు ఆఫీసు మాట వాడడు. 'కాలవలో రెండెకరాలు పోయింది' అంటాడు. తెలంగాణలోనైతే 'గుంజుకున్నరు'.

అమరావతితో 'భూసమీకరణ' కూడా వచ్చింది. 30 వేల ఎకరాలకు పైగా అలా తీసుకున్నారు. సమీకరణ అంటే సమం చేయడమని సంస్కృతం. 'జన సమీకరణ' అంటే లారీలు పెట్టి సభకు తోలుకురావడమని మన పేపర్లు. ఏ అర్థమో రైతే చెప్పాలి.

1894 నాటి చట్టం పోయి 2013 చట్టం వచ్చినా తెలుగులో మాట మారలేదు, పగ్గాలు మాత్రం పెరిగాయి. ప్రైవేటు కంపెనీ కోసమైతే నూటికి 80, ప్రభుత్వంతో కలిసిన ప్రాజెక్టుకైతే 70 కుటుంబాలు ముందే ఒప్పుకోవాలి. సర్కారు తన అవసరానికే తీసుకుంటే, షెడ్యూల్డు ప్రాంతాల్లో తప్ప, ముందస్తు ఒప్పుదల అక్కర్లేదు. 'సేకరణ' అబద్ధమాడేది సరిగ్గా అక్కడే.

ఆస్తి హక్కును 1978లో 44వ సవరణ ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది. మిగిలింది 300ఎ అధికరణలో ఒక్క వాక్యం: చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ లాక్కోకూడదని దాని సారం. 2024లో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఆ వాక్యంలోంచి ఏడు హక్కులు బయటికి తీసింది. మొదటిది నోటీసు, రెండోది మన మాట వినడం.

ఆ నోటీసు పేపర్లో సన్న అక్షరాల్లో, సర్వే నంబర్ల వరసలో వస్తుంది. పంచాయతీ ఆఫీసులోనూ అంటిస్తారు. మీ నంబరు కనిపిస్తే ముందు తేదీ చూసుకోండి. అభ్యంతరం రాసివ్వడానికి ఆ రోజు నుంచి 60 రోజులే గడువు.