‘పుట్ ఆన్’ నుంచి ‘టక్ ఇన్’ దాకా: దుస్తుల ఇంగ్లిష్ నేర్చుకుందాం

గల్ఫ్‌కు వచ్చిన కొత్తలో సూపర్‌వైజర్ ‘రోల్ డౌన్ యువర్ స్లీవ్స్’ అంటే ‘రోల్’ ఒక్కటే విని చాలామంది చేతులు పైకి మడుస్తారు. ఆయన కిందికి దించమన్నాడు. వెల్డింగ్ దగ్గర ఈ పొరపాటు జరిగితే నిప్పురవ్వలు నేరుగా చర్మం మీద పడతాయి. ఇలాంటి జంట మాటల్ని ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. వీటిలో చివరి చిన్న మాటను జాగ్రత్తగా వినాలి.

పని దగ్గర వినిపించేవి

పుట్ ఆన్: మనం షర్టు వేసుకుంటాం, వాచీ పెట్టుకుంటాం, చెప్పులు తొడుక్కుంటాం. ఇంగ్లిష్‌లో అన్నిటికీ ‘పుట్ ఆన్’ చాలు.

టేక్ ఆఫ్: విప్పడం, తీసేయడం. ‘టేక్ ఆఫ్ యువర్ షూస్.’

రోల్ అప్, రోల్ డౌన్: చేతులు పైకి మడవడం, కిందికి దించడం.

డు అప్: గుండీలు, జిప్పు, పట్టీ పెట్టుకోవడం. ‘డు అప్ యువర్ చిన్ స్ట్రాప్’ అంటే హెల్మెట్ గడ్డం పట్టీ పెట్టుకోమని. విప్పమనాలంటే ‘అన్‌డు’.

వేర్ అవుట్: అరిగిపోవడం. ‘మై సేఫ్టీ షూస్ ఆర్ వోర్న్ అవుట్. ఐ నీడ్ ఎ న్యూ పెయిర్.’ ఈ రెండు వాక్యాలు బట్టీ పట్టండి. యూఏఈలో 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం పని ప్రమాదాల నుంచి కాపాడే సామగ్రి ఇవ్వాల్సింది యజమానే. మొహమాటపడకుండా అడగండి.

ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు

డ్రెస్ అప్: ఊరికే బట్టలు వేసుకోవడం కాదు. మామూలు కంటే మంచి బట్టల్లో తయారవడం.

టక్ ఇన్: మనం ‘ఇన్‌షర్ట్ చేసుకో’ అంటాం. ఇక్కడ ఆ మాట చాలామందికి అర్థం కాదు. ‘టక్ ఇన్ యువర్ షర్ట్’ అంటారు.

ట్రై ఆన్: కొనేముందు వేసుకుని చూడడం. షాపులో ‘కెన్ ఐ ట్రై దిస్ ఆన్?’ అని అడగండి.

టేక్ ఇన్, లెట్ అవుట్: యూనిఫాం వదులుగా ఉంటే టైలర్‌తో ‘టేక్ ఇట్ ఇన్’ అనండి. బిగుతుగా ఉంటే ‘లెట్ ఇట్ అవుట్’.

రెండు గుర్తులు

‘ఇట్’ వస్తే మధ్యలోనే పెట్టాలి. ‘పుట్ ఇట్ ఆన్’ సరైనది, ‘పుట్ ఆన్ ఇట్’ తప్పు.

వేసుకునే పని ‘పుట్ ఆన్’. ఒంటి మీద ఉండడం ‘వేర్’. ‘ఐ యామ్ వేరింగ్ మై హెల్మెట్’ అంటే హెల్మెట్ ఇప్పటికే తలమీద ఉందని.

రేపు డ్యూటీకి తయారవుతూ ఒక్కొక్కటీ పైకి అనుకోండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు పిల్లలతో కూడా అనిపించండి. వారంలో నోటికి వచ్చేస్తాయి.